కుడికి తిరగమన్నాను

నలభై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పందొమ్మిది వందల ముప్ఫైల్లో ఏలూరులో బడిపంతులుగా ఉండేవాణ్ణి. దిక్కులు, దూరాల లెక్కలంటే నాకు మహా గర్వం. ఒకడు దక్షిణానికి రెండు మైళ్ళు నడిచి, కుడికి తిరిగి మైలు నడిస్తే, బయలుదేరిన చోటికి ఏ దిక్కున ఉంటాడు? పిల్లలు తడబడితే, "ముందు వాడి మొహం ఎటు ఉందో చూసుకోండిరా" అని చెవి మెలిపెట్టేవాణ్ణి.

మా వీధిలో మస్తాన్ గారని దర్జీ ఉండేవారు. ఒక్కగానొక్క కూతుర్ని కొల్లేటి నడుమ ఒక లంకలో ఇచ్చారు. అమ్మాయికి జ్వరం ముదిరిందని, నాన్నని చూడాలంటోందని కబురొచ్చింది. దొరికిన దోనెవాడికి ఆ లంక దారి తెలియదు. బడి పని మీద నేనొకసారి అక్కడికి వెళ్ళొచ్చానని గుర్తొచ్చి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పలక మీద చకచకా గీసి చూపించాను. రేవు నుంచి దక్షిణానికి రెండు మైళ్ళు, పాయ చీలిన చోట కుడికి, అంటే పడమటికి, మైలు. ఇంకొకర్ని కూడా అడగండి అనలేదు. ఎందుకంటాను? నా లెక్క ఎప్పుడు తప్పింది గనక!

ఆయన పొద్దున్నే బయలుదేరి, నిలువెత్తు కిక్కిస గడ్డిలో రోజంతా తిరిగి, చివరికి వలలు తీసేవాళ్ళెవరో దారి చూపిస్తే సాయంత్రానికి చేరారు. అమ్మాయి మధ్యాహ్నమే పోయింది.

వారం తర్వాత మళ్ళీ వచ్చారు. నన్ను నిలదీయడానికి కాదు.

"పంతులు గారండీ, ఇంకోసారి గీసి చూపిస్తారాండీ? నేనెక్కడ తప్పానో చూసుకుంటానండీ."

గీస్తున్నాను. పాయ చీలిన చోట నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ గెడకర్ర వేసి దోనె నడిపేవాడు వెనక నిలబడతాడు. అతనికి వీపు పెట్టి కూర్చోకూడదని ఆ రేవులో పద్ధతి. ఎక్కినవాళ్ళు అతని వైపు తిరిగే కూర్చుంటారు. అప్పుడు బడి పని మీద వెళ్ళినప్పుడు నేనూ అలాగే కూర్చున్నాను. దోనె దక్షిణానికి పోతుంటే నా మొహం ఉత్తరానికి ఉంది. దోనె నా కుడిచేతి వైపుకే తిరిగింది, నిజమే. అది తూర్పు.

"దీనికి ముందున్న పాయలోనే తిరిగిపోయి ఉంటానాండీ?" అన్నారాయన.

"అవునండీ. అదే అయ్యుంటుంది" అన్నాను.

ఎందుకన్నాను? పరువు కోసమా? ఆయన నన్ను తిట్టే మనిషి కాదు, అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసీ నా తప్పు ఆయన నెత్తిన పెట్టాను, అప్పటికే కూతుర్ని పోగొట్టుకున్న మనిషి నెత్తిన. ఆ తర్వాత పదేళ్ళు బతికారు. కనబడిన వాళ్ళందరికీ, "పంతులు గారు సరిగ్గానే చెప్పారండీ, నేనే మలుపు పొరబడ్డాను" అని చెప్పుకునేవారు. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి.

క్షమించమని ఎవరిని అడగను? అడగవలసిన మనిషి లేరు. ఇవాళ కాగితం మీద ఆ దారి మళ్ళీ గీశాను. పాయ దగ్గర చెయ్యి ఆగలేదు.

తూర్పుకండీ, మస్తాన్ గారూ. మీరు దారి తప్పలేదు.