తాతయ్య నోట్లో బంగారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బంగారమంటూ మిగిలింది మా తాతయ్య నోట్లోనే. పైవరసలో కుడివైపు కోరపన్నుకు ఆయనకు బంగారు తొడుగు ఉండేది. మా పట్టుచీరల అంగడి బాగా నడిచిన కాలంలో, పన్ను అంచు కొంచెం విరిగిందన్న వంకతో వేయించుకున్నారట. ఆ రోజుల్లో బెంగళూరు పేటల్లోని పెద్ద వర్తకులకు అదొక హోదా. వేలికి ఉంగరం ఎవరైనా పెట్టుకోగలరు గానీ, నవ్వులో బంగారం పెట్టుకోగలిగినవాళ్ళు మా బళేపేట మొత్తంలో ఏ ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళని మా అవ్వ చెప్పేది.

నాకు ఊహ తెలిసేనాటికి అంగడి మాది కాదు. అదే కట్టడం వెనకవైపు రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ఒకప్పుడు మా పట్టుచీరలు పరిచిన చోట ఎవరో మేకులూ గొళ్ళేలూ అమ్ముకుంటూ ఉండేవారు. ఇది జాలి కోసం రాయడం లేదు. ఆ రెండు గదుల్లో మేము ఉన్నది తిన్నాం, ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. సాయంత్రం కాగానే మా తాతయ్య మెడదాకా గుండీలున్న కోటు తొడుక్కుని, జరీ తలపాగా పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచేవారు. కొనేదీ ఉండేది కాదు, అమ్మేదీ ఉండేది కాదు. అంగళ్ళవాళ్ళు లేచి నమస్కారం చేసేవాళ్ళు. ఆయన తల కొంచెం ఎడమకు తిప్పి, కుడివైపు పెదవి ఎత్తి నవ్వేవారు. దీపాల వెలుగులో ఆ పన్ను తళుక్కుమనేది. ఆ ఒక్క క్షణం, అంగడి ఇంకా మాదే అనిపించేది నాకు.

అంగడి పోయిన తీరు నాకు అవ్వ ద్వారానే తెలిసింది. గోడౌను చూసుకునే దగ్గరి బంధువొకాయన ఒక వానాకాలంలో వచ్చి, కప్పు కారిందనీ, పట్టు మూటలన్నీ లోపల బూజు పట్టాయనీ చెప్పాడట. సంగతి బయటికి పొక్కకముందే వచ్చిన ధరకు వదిలించుకోవడం మేలన్నాడట. మూట విప్పితే బూజు వాసన వీధిలోకి పోతుంది, వాసనతోపాటు పరువూ పోతుంది. అందుకని మా తాతయ్య ఒక్క మూట కూడా విప్పించలేదు. వేసిన కుట్లు వేసినట్టే ఉండగా ఇచ్చేశారు. ఆ ఏటి పెళ్ళిళ్ళ కాలంలో అవే చీరలు చిన్న మరక కూడా లేకుండా రెండు వీధుల అవతల ఇంకో అంగట్లో వేలాడాయి. అంచులు ఎంచింది అవ్వే కాబట్టి ఆమె ఇట్టే గుర్తుపట్టింది. ఆ నష్టం పూడక అంగడి కూడా చేజారింది.

ఆ తర్వాత మా తాతయ్య ఒక నియమం పెట్టుకున్నారు. లోపల పాడైందని చెప్పేవాడి మాట నమ్మకూడదు. కప్పు కారుతోందన్నా, బియ్యానికి పురుగు పట్టిందన్నా, చెప్పినవాడికి అందులో ఏమి లాభమని ముందు ఆలోచించేవారు.

ఒక శ్రావణమాసంలో ఆయన నవ్వడం మానేశారు. నడక మాత్రం సాగుతూనే ఉండేది. అన్నం ఎడమవైపే నమిలేవారు, బుగ్గలో లవంగం ఎప్పుడూ ఉండేది. నేను పక్కన నడుస్తుంటే ఆయన మాటతోపాటు ఒక వాసన వచ్చేది. పెద్దవాళ్ళకు అలాగే ఉంటుందేమో అనుకునేదాన్ని. గాజుల అంగడాయన ఒకరోజు వేళాకోళంగా, "ఏం సావుకార్రే, నవ్వును కూడా గోడౌన్లో పెట్టి బీగం వేసినారా?" అన్నాడు. మా తాతయ్య ఆ రోజు వీధి చివరిదాకా వెళ్ళకుండానే వెనుదిరిగారు.

అవ్వ పోరు పడలేక, దగ్గర్లో ఒక మేడ మీద కొత్తగా బోర్డు పెట్టిన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు కుర్రవాడు, కన్నడిగుడు. పేటలో పెరిగినందువల్ల మా తెలుగు మాట్లాడేవాడు. సన్నని కడ్డీతో తొడుగు మీద తట్టాడు, చిగుళ్ళు నొక్కాడు, వేలికి అంటిన చీము చూశాడు. తొడుగు కింద పన్ను చచ్చిపోయిందనీ, తొడుగు తీసి ఆ పన్ను పీకెయ్యాలనీ చెప్పాడు. ఇప్పుడే తీస్తే అటూ ఇటూ ఉన్న పళ్ళు నిలబడతాయి, ఆలస్యం చేస్తే చీము ఎముకలోకి పోతుంది అన్నాడు.

మా తాతయ్య కోటు గుండీలు పెట్టుకుంటూ, "లోపల చూసినావా నువ్వు?" అని అడిగారు.

"చూడలేదు యజమాన్రే. తొడుగు అడ్డముండాది. వాపు చూసి, చీము చూసి చెప్తా ఉండాను."

"చూడకుండా చెప్పేవాళ్ళను చానామందిని చూసినానప్పా" అని ఆయన లేచారు. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "వానికి పన్ను కాదు అమ్మీ, బంగారు కనిపించినాది" అన్నారు.

నేను ఆ మాట పూర్తిగా నమ్మాను. ఒక దొంగ చేతినుంచి ఇంటి బంగారాన్ని కాపాడుకుని వస్తున్నామన్న గర్వంతో నిటారుగా నడిచాను. అంత దర్జాగా ఆ మెట్లు దిగడం మా ఇద్దరికీ అదే ఆఖరు.

కార్తీకంలో బసవనగుడిలో పరిషె అని పిలిచే వేరుశనగల తిరునాళ్ళకు ఏటా నన్ను తీసుకువెళ్ళేవారు. ఆ ఏడూ తీసుకువెళ్ళారు. పొట్లం కొని, ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నారు. వెంటనే రుమాలు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగారు. రుమాలులో గింజతోపాటు నెత్తురు కూడా ఉంది. పొట్లం నా చేతికిచ్చి, కాయలు ఈసారి బాగాలేవన్నారు. నేను తిన్నాను. బాగానే ఉన్నాయి. ఆయన చెప్పింది నిజం కాదని తెలిసిన మొదటి సందర్భం నాకు అదే.

కొన్నాళ్ళకు బుగ్గ ఉబ్బి కుడికన్ను సగం మూసుకుపోయింది. జ్వరం పట్టుకుంది. ఒక సాయంత్రం కోటు చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ మేకుకు తగిలించారు. ఆయన నడకకు వెళ్ళని సాయంత్రం అంతకుముందు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆయన ఇక లేవరేమోనన్న భయం మొదటిసారి అవ్వ ముఖంలో కనిపించింది.

ఆమె ఆయన మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తూ, గొంతు పెంచకుండా ఒక మాట అంది. "ఆ పొద్దు మీరు నమ్మి చెడలేదు. మూట విప్పకుండా చెడితిరి. ఈ పొద్దూ విప్పకుండానే కూచోనుండారు." తాతయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు. మా ఇంట్లో ఆ మూటల మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

మర్నాడు అవ్వ ఆయనకు చెప్పకుండా, నన్ను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తొడుగు ఒక్కటే తీసి తన చేతిలో పెట్టమనీ, ఆపైన అద్దం ఇచ్చి ఆయనకే చూపించమనీ, ఆయన చెప్పేదాకా ఇంకేమీ ముట్టుకోవద్దనీ అడిగింది. డాక్టరు సరేనన్నాడు. ఇంటికి వచ్చాక ఆమె తాతయ్యకు చెప్పిన తీరు వేరు.

"పన్ను పీకించుకోవద్దు. మన బంగారు మనం ఇంటికి తెచ్చుకుందాము. అది నా కొంగులో ఉంటే వాడు ఇంక దేనికి ఆశపడతాడు? అప్పుడేం చెప్తాడో విందాము."

ఆమె ఎత్తు తాతయ్యకు అర్థం కాలేదని నేననుకోను. తల వంచకుండా వెళ్ళే దారి ఒకటి దొరికింది, అది ఆయనకు చాలు. తలపాగా అడిగి పెట్టుకున్నారు. మెట్లు ఎక్కడానికి అవ్వ భుజం పట్టుకోవలసి వచ్చింది.

తొడుగు ఊడినప్పుడు గదంతా వాసన కమ్మింది. డాక్టరు వెళ్ళి కిటికీ తెరిచాడు. తొడుగును కడిగి అవ్వ అరచేతిలో పెట్టాడు. నేను వంగి చూశాను. ఉల్లిపొర అంత పలచన. వీధి మొత్తం లేచి నమస్కారం చేసిన బంగారం అదేనా అనిపించింది. అవ్వ దాన్ని కొంగున ముడి వేసుకుంది. అప్పుడు డాక్టరు చేతి అద్దం తాతయ్యకిచ్చి, దీపం దగ్గరికి జరిపాడు.

పన్ను అనడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కాలిపోయిన వత్తిలాంటి నల్లటి మొద్దు, దాని చుట్టూ చీము. డాక్టరు కడ్డీ కొసతో అటూ ఇటూ ఉన్న పళ్ళను మెల్లగా తాకాడు. అవి కదలడం అద్దంలో ఆయనకు కనిపించింది. అద్దం పట్టుకున్న చెయ్యి వణికింది.

"అద్దం బరువుండాదప్పా" అన్నారు తాతయ్య.

"అవును యజమాన్రే. పాతకాలం అద్దం" అన్నాడు డాక్టరు.

ఆ మాటకు నేను అతనికి ఈ రోజుకీ ఋణపడి ఉన్నాను. చెప్పిందే నిజమైందని అతను ఎత్తిపొడిచే వీలుంది. ఆ పని చెయ్యలేదు. తాతయ్య అద్దం దించి, శ్రావణంలోనే తీసి ఉంటే ఎట్లుండేదని అడిగారు. డాక్టరు, పక్కవి రెండూ నిలిచేవని నిజమే చెప్పాడు. తాతయ్య తలపాగా తీసి నా ఒడిలో పెట్టి, "తీసెయ్" అన్నారు.

మూడు పళ్ళు పోయాయి. ఎముకను కూడా చీము కొంత తినేసిందట. జ్వరం తగ్గింది, మనిషి దక్కారు, కానీ కుడిబుగ్గ లోపలికి పీక్కుపోయింది, మాటలో గాలి పోయేది. ఆయన మళ్ళీ వీధిలో నడవలేదు. కోటు ఆ మేకుకే వేలాడుతూ భుజాల దగ్గర దుమ్ము పట్టింది. ఒకరోజు, ఎవరూ ఏమీ అడగకుండానే, "ఆ పొద్దు ఒక్క మూట విప్పింటే?" అన్నారు. అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

కొన్నేళ్ళకు ఆయన పోయారు. మావైపు పోయినవారి నోట్లో చిటికెడు బంగారం వేసి సాగనంపుతారు. అవ్వ పసుపు డబ్బాలోంచి ఆ తొడుగు తీసింది. అలా మా ఇంట్లో మిగిలిన బంగారం మళ్ళీ ఆయన నోట్లోకే వెళ్ళింది.

మా తాతయ్య మొదట గుడ్డిగా నమ్మారు, తర్వాత గుడ్డిగా అనుమానించారు. రెండుసార్లూ మూట కుట్లు విప్పలేదు. విప్పితే కనిపించేదాని ముందు తల వంచాల్సి వస్తుందని ఆయన భయం. ఆ భయం మా రక్తంలోనే ఉంది. నాలోనూ ఉంది.

ఈమధ్య పన్ను నొప్పి భరించలేక, సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంటుకు దగ్గరున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఐదు పళ్ళకు వైద్యం చెయ్యాలని, వాటిలో రెండు తీసెయ్యాలని ఆ అబ్బాయి చెప్పాడు. వెంట వచ్చిన నా మనవరాలు నా చెవిలో, "అవ్వా, వీళ్ళు ఒకటుంటే ఐదు చెప్తారు. ఆన్‌లైన్లో అందరూ రాస్తున్నారు. వెళ్ళిపోదాం పా" అంది. నాకు పాత మెట్ల మీద తాతయ్య గొంతు వినిపించింది. నిజం చెప్పాలంటే, నాకూ లేచి వెళ్ళిపోవాలనే ఉంది. నోరు తెరిచి ఒక పరాయి కుర్రవాడికి చూపించడం కంటే, దొంగ అనేసి గుమ్మం దాటడం సుఖం.

లేవలేదు. ఒక్కొక్క పన్నూ నాకు చూపించమన్నాను. పాడైందని దేన్నిబట్టి తెలిసింది, ఇప్పుడు చెయ్యకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్ళు ఆగవచ్చు అని అడిగాను. ఎక్స్‌రే తెర మీద మూడు పళ్ళు లోపల పాడవడం స్పష్టంగా చూపించాడు. ఒకదాన్ని కొన్నాళ్ళు ఆగి చూద్దామని తనే వెనక్కి తగ్గాడు. ఐదోదాన్ని చూపించలేకపోయాడు. దాన్ని ఇంకో డాక్టరుకు, ఈయన మాట ముందుగా చెప్పకుండా, చూపిస్తానన్నాను. అతను నొచ్చుకోలేదు.

తెర మీద చూసింది చాలదనిపించి అద్దం అడిగాను. వెతికి తెచ్చి ఇచ్చాడు. నడుము నిటారుగా పెట్టుకుని కూర్చుని, నోరు తెరిచి, నా లోపలిది నేనే చూసుకున్నాను. చూడదగ్గదేమీ కాదు. అద్దం పట్టుకున్న చెయ్యి కదులుతోందని మనవరాలు పట్టుకోబోయింది.

అద్దం బరువుగా ఉందని చెప్పాను.