పాలసీసాల గిన్నె

మా అత్త పోయింది. పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి మామ ఫోన్ చేసి, "మీయత్త పాయె పాపా" అని పెట్టేశాడు. నంద్యాలలో మా ఇంట్లో ఉంటూ, "ఇల్లు చూసుకోని సోమవారం వచ్చేస్తా" అని బస్సెక్కిన మనిషి. నాకు ముందు ఏడుపు రాలేదు. చంకలో బిడ్డ ఉన్నాడు. ఇక వీణ్ణి నేనెట్లా బతికించుకోవాలి అన్న భయమే వచ్చింది.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. నాకు పాలు పడలేదు. డబ్బాపాలు మొదలుపెట్టిన కొత్తలోనే విరేచనాలు పట్టుకొని చచ్చి బతికాడు. సీసాలు బాగా మరగబెట్టమని డాక్టరు చెప్పాడని తెలియగానే అత్త ఒక కొత్త సత్తుగిన్నె పట్టుకొని ఆళ్లగడ్డ నుంచి దిగింది. ఆ గిన్నెలో టీ కాచుకోవడానికి కూడా వీల్లేదు. "కడిగితే సాలదు పాపా, ఉడకల్ల" అనేది. సీసాలు, పీకలు, వాటిని తీసే పట్టకారు, అన్నీ మునిగేలా నీళ్లు పోయించేది. తీశాక తెల్లగుడ్డ మీద బోర్లించాలి, తుడవకూడదు. ఒకసారి మా ఆయన సాయం చేద్దామని సీసాను తువ్వాలుతో తుడిచాడు. "యాడి తువ్వాల అది? నీ చెమటంతా పూస్తాండావే" అని సీసాను మళ్లీ గిన్నెలో పడేసింది. వాడు ఈరోజు నా ఒళ్లో ఉన్నాడంటే ఆమె చేతి చలవే.

మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. వసారాలో కూర్చొని వినేది. సీసాలు గిన్నెకు కొట్టుకుంటూ లొడలొడలాడాలి. చప్పుడు తగ్గిందంటే, "మంట తగ్గించినావా ఏందీ?" అని కేకేసేది. చివరికి "ఇంక సాలు, దించు" అనేది. ఆమె చెప్పకుండా నేనెప్పుడూ దించలేదు.

బిడ్డనూ, గిన్నెనూ, కడగని సీసాలనూ పట్టుకొని ఆళ్లగడ్డ చేరేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. మా ఆయన దిగీదిగగానే పాడె సామాను కోసం బజారుకు పోయాడు. బిడ్డ ఆకలికి గుక్కపట్టాడు. వంటింట్లోకి పోబోతే మా ఆయన పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"శవం లేయకముందే పొయ్యి ఎలిగిస్తారా యాడన్నా?"

చావింటి సామాను తన పొయ్యి మీద పెట్టడానికి ఎదురింటామె ఒప్పుకోలేదు. ఫ్లాస్కులో వేడినీళ్లు మాత్రం పంపింది. "దాంతో కడిగి పట్టు, ఈ ఒక్కసారికి ఏం కాదులే" అన్నారు అందరూ. సీసా అడుగున పాత పాలు అట్టకట్టి ఉన్నాయి. మళ్లీ విరేచనాలైతే వీడు దక్కడు. నా తరఫున గట్టిగా మాట్లాడే ఒకే ఒక్క మనిషి కళ్లు మూసుకొని పడుకుంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

అంతసేపూ ఆమె తలాపున కూర్చున్న మామ లేచాడు.

"ఉడకబెట్టుకో పో పాపా. మీయత్తే ఉన్నింటే ఎవురి మాటా ఇనేది కాదు."

ఆయనే గ్యాస్ వెలిగించాడు. నీళ్లు మరిగి సీసాలు లొడలొడలాడడం మొదలైంది. వసారాలో ఏడుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. చప్పుడు ఆమె దాకా పోయేంత గట్టిగానే ఉంది. నేను పట్టకారు పట్టుకొని నిలబడ్డాను. నీళ్లు సగానికి వచ్చినా, దించమని ఎవరూ అనలేదు.