చిన్నాయిన అంటించిన స్పంజి

మా చిన్నాయిన పోయాడని మొన్న పొద్దున దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయట. "బీడీలు బాగా తాగేవాడా?" అని అడిగాడు డాక్టరు. ఒక్క బీడీ ముట్టిన మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు పొగ మాత్రం మింగాడు, అదీ జీతానికి.

ఆయన ఉద్యోగమేమిటో సిద్దిపేటలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఓడల గోడల్లో వేడి ఆపడానికి ఒక సరుకు నింపుతారు. దాన్ని హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కాల్చి చూసేవాడు. ముక్కను కొలిమిలో పెట్టడం, ఎంతసేపటికి అంటుకుంది, ఎంత పొగ వచ్చింది అని గడియారం చూసి రాసుకోవడం, ఇదే పని. అంటుకుంటే ఆ సరుకు ఓడ ఎక్కదు. "ఊర్ల అగ్గి లేస్తే ఉరుకుతం. ఓడల లేస్తే ఏడికి ఉరుకుతవ్ బిడ్డా?" అనేవాడు. అంత చెప్పే మనిషి సముద్రం మొహం ఎరగడు.

ఆ చేతులు ఇంట్లోనూ ఊరుకునేవి కావు. కొత్త పరదా కొంటే మూల కత్తిరించి అంటించేవాడు. నా పెళ్లికి అత్తగారు పెట్టిన పట్టుచీరలోంచి పోగు పీకి దీపం మీద పెట్టి, "గిది పట్టు కాదు, కరుగుతున్నది" అని వియ్యాలవారి ముందే ప్రకటించాడు. దానికి అత్తింట్లో నేను ఇప్పటికీ మాటలు పడుతున్నాను.

అసలు తగాదా తెలంగాణ ఉద్యమం రోజుల్లో వచ్చింది. అప్పటికి ఆయన రిటైరై సిద్దిపేటకు వచ్చేశాడు. నేను టీచర్ని, ఆడవాళ్ల రిలే నిరాహార దీక్షకు పెత్తనం నాది. ఎండాకాలం, మూడు వైపులా మూసిన రేకుల పందిరి. కూర్చున్నవాళ్లు సొమ్మసిల్లుతున్నారని పరుపుల దుకాణం భాయ్ స్పంజి షీట్లు ఊరికే పంపాడు. వేడి దిగకుండా వాటిని రేకుల కింద తాళ్లతో కట్టాం. ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా నడిరోడ్డు మీద వంటా-వార్పు. అదీ నిరసనే. మేం లోపల పస్తు, బయట వరసగా పొయ్యిలు, బగారన్నం వాసన.

చిన్నాయిన వచ్చాడు, పైకి చూశాడు. ఒక ముక్క కోసి రోడ్డు మీద పెట్టి, అగ్గిపుల్ల గీసి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ముక్క భగ్గుమంది. నల్లటి పొగకు మైకులో మాట్లాడుతున్న నాయకుడు దగ్గుతూ ఆగిపోయాడు.

"చిన్నాయినా, ఇజ్జత్ తీస్తున్నవ్!" అన్నాను.

"ఇజ్జత్ మల్ల వస్తది. పొయ్యిలకెల్లి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే మీకు ఉరికేటందుకు ఒక్కటే దారి. మంట కంటె ముందుగాల పొగనే సంపుతది. పీకున్రి."

భాయ్ చిన్నబోయాడు. "సాబ్, మంచికే ఇచ్చిన కదా!"

"మంచికే ఇచ్చినవ్ భాయ్. అగ్గికి గా సంగతి తెల్వదు."

నాకు ఒళ్లు మండింది. "సముద్రమన్న సూడనోనివి, నీ ఓడల ముచ్చట మాకెందుకు? ఇంటికి పో!" అని అందరి ముందూ అరిచాను.

పోలేదు. నిచ్చెన వేసుకుని ఒక్కో షీటూ కోసి దించాడు. మధ్యాహ్నానికి రేకులు పెనంలా కాలాయి. తిట్లన్నీ నాకే.

తర్వాత నిప్పు పడిందా అని మీరు అడుగుతారు. పడలేదు. ఒక్క రవ్వ కూడా పందిరి దాకా రాలేదు. "ఏం గాలేదంటే పని అయినట్టే" అనేవాడు దానికి. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి చెప్పండి? తప్పయిందని ఒప్పుకోవడానికి నాకు కాలిన మచ్చ ఒక్కటైనా కనబడాలి కదా! ఆ సాకుతోనే ఇన్నేళ్లూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుందామంటే వినే మనిషి లేడు.

షీట్లు దించిన మర్నాడే ఎక్కణ్నుంచో గోనెసంచులు తెచ్చి రేకుల మీద పరిచాడు. పొద్దుగూకే దాకా నిచ్చెన జరుపుకుంటూ, ఎక్కుతూ దిగుతూ, వాటిని తడుపుతూనే ఉన్నాడు. మేకుల కన్నాల్లోంచి నీళ్లు మా మీద కారేవి. "ఓ పెద్దమనిషీ, తానం జేపిస్తున్నవా?" అని నా పక్కనున్న పంతులమ్మ కేకేసింది. ఒక్కొక్కరి నెత్తికి పైనున్న సంచి మీద ఒక్కో చెంబెడు నీళ్లు పోసేవాడు. నిచ్చెన నా వైపు జరిగిన చప్పుడయ్యాక రెండు చెంబులు పడేవి. నేను తల ఎత్తకుండా కొంగుతో మొహం తుడుచుకునేదాన్ని.