అక్క రుచి చూడని వైను

మా పెద్ద యారాలు పోయింది. ఎడపల్లి నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చిన జీతగాడు మా గుమ్మంలో నిలబడి, "పొద్దుగాల పాణం పోయిందమ్మా" అన్నాడు. మా బావ భార్య ఆమె. ఇరవై ఏళ్లు అక్కా అని పిలిచాను. వెంటనే ఏడుపు కూడా రాలేదు. నిజామాబాద్‌లోని ఈ అద్దె ఇంటి గడప మీదే కూర్చున్నాను.

మోర్తాడ్‌లో పసుపు పండించే ఇంట్లో పుట్టాను కాబట్టి పనంటే భయం లేదనుకునేదాన్ని. ఎడపల్లి కోడలినయ్యాక ఆ పొగరు దిగింది. చుట్టూ చెరుకు, మధ్యలో మా ద్రాక్ష తోట, మేం అంగూరు అంటాం. చెరుకుకు కాలువ నీళ్లు పెడితే దాని మానాన అది పెరుగుతుంది. అంగూరు ఊరుకోదు. కొమ్మలు కత్తిరించాలి, తీగ కట్టాలి, చిలకలను తోలాలి. కోసినాక పండ్లు పిసికి, పీపాల్లో పోసి వైను చేయాలి. లైసెన్సు మామ పేరున ఉండేది, చాకిరి అక్కది, నాది.

అక్క మెడలో పండరిపురం తులసి మాల. మాల వేసుకున్నవాళ్లు మందు ముట్టరు. అందుకే అంత వైను చేసిన మనిషి ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. పీపాకు చెవి ఆనించి పొంగు ఆగిందో లేదో చెప్పేది, మూత తీసి వాసన చూసేది. ఆఖరున గ్లాసు నా చేతిలో పెట్టేది.

"నా ముక్కు సగమే చెప్తది చెల్లె. మిగిలింది నీ నోరు చెప్పాలె. పాపం తగుల్తదని భయపడకు, పండరికి పోయినప్పుడు నీ పేర సుత మొక్కొస్త తీ."

కోడలు రుచి చూస్తుందని తెలిస్తే నలుగురూ నవ్వుతారని, అక్క ఈ సంగతి మూడో మనిషికి తెలియనివ్వలేదు.

మామ పోయాక పెత్తనం బావ చేతికి వచ్చింది. "ఈసారి వైను చెడిందంటే తీగలు పీకి చెరుకు పెడ్త" అన్నాడు. ఆ ఏడు గ్లాసు నోటికి పెట్టగానే నాలుక జివ్వుమంది. పులిసిపోయింది. అక్క కళ్లు గుంటలు పడి ఉన్నాయి, కత్తెర పట్టిన చేతులు కాయలు కాశాయి. ఆ చాకిరంతా వృథా అని చెప్పబుద్ధి కాలేదు. "మంచిగుంది అక్కా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "అయితే పంపుదాం" అంది.

నిజామాబాద్ దుకాణంవాళ్లు పీపాలన్నీ తిప్పి పంపారు.

"ఎవలు రుచి సూసిండ్రు?" అని బావ అరిచాడు.

"ఎవలు సూడలే. నా ముక్కును నమ్మి పంపిన" అంది అక్క.

నేను తలుపు వెనకే నిలబడి విన్నాను. వారంలో తీగలు కొట్టేశారు, మేం నిజామాబాద్ చేరాం. వెనకగదిలో నిరుటి మంచి పీపాలు నాలుగున్నాయని, నిజం చెప్పి ఉంటే అవి పంపి తోట నిలుపుకునేవాళ్లమని తర్వాత తట్టింది. ఆ బాధ నన్ను ఏళ్ల తరబడి తినేసింది. నా పరువు కాపాడిన మనిషి తోటను నేనే పోగొట్టాను కదా.

పోయిన నెల ఆమె మంచాన పడిందని చూడబోయాను. ఇంట్లో ఎవరూ లేరు. కాళ్లు పిసుకుతూ ఏడ్చేశాను.

"ఆ యేడు వైను పులిసింది అక్కా. నేను అబద్ధం చెప్పిన."

"తెల్సు. మూత తీసిన్నాడే ముక్కుకు కొట్టింది."

"మరెందుకు పంపినవ్? నిరుటి పీపాలుండె గద?"

ఆమె కాళ్లు నా ఒళ్లోకి జరుపుకుంది.

"నేను సుత అలిసిపోయిన చెల్లె. నువ్వు మంచిగుందనంగనే, ఇగ చాలనిపించింది."

కళ్లు మూసుకుంది. నేను పిసకడం ఆపలేదు. కాసేపటికి నిద్రలో ఆమె పాదాలు నా ఒళ్లో బరువెక్కాయి.