ఉత్తగ నడిచిన మిషన్

మా ఇంట్లో సబ్బు ఎప్పుడూ చనిపోలేదు. అరిగి అరిగి తాళంచెవి అంత అయ్యాక బాపు, అంటే మా నాన్న, దాన్ని తడిపి కొత్త సబ్బు వీపుకు అతికించేవాడు. మేము ఊరు విడిచి సూరత్ వచ్చిన కొత్తలో కొన్న సబ్బు తాలూకు అంశ ఏదో నేను బీకాం పూర్తిచేసే నాటికి కూడా మా బాత్రూంలో ఉండే ఉంటుందని నా అనుమానం.

సూరత్‌లో మేము ఉండే ఉధ్నా పేటలోనే బాపు సాంచెల మీద పనిచేసేవాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. ఆ పనిలో ఒక ధర్మం ఉంది: దారం లేకుండా సాంచె నడవకూడదు. కండెలో నూలు అయిపోయిన సంగతి చూసుకోకపోతే మగ్గం దడదడా కొట్టుకుంటూనే ఉంటుంది, బట్ట మాత్రం రాదు. కరెంటు దండగ, మిషన్‌కు అరుగుదల. దాన్ని బాపు ‘ఉత్తగ నడుసుడు’ అనేవాడు. ఆ మాటను తిట్టుగా కూడా వాడేవాడు. మా మేనమామ గురించి మాట వచ్చినప్పుడు వాడేవాడు. పరీక్షల ముందు నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీలోకి చూస్తుంటే నా గురించీ వాడేవాడు.

ఆ ధర్మం ఇంటికి కూడా వచ్చింది. గదిలోంచి మనిషి లేస్తే బాపు చెయ్యి స్విచ్ మీదకు పోయేది. ఒక్కోసారి మనిషి పూర్తిగా లేవకముందే పోయేది. కరెంటు బిల్లు వచ్చిన రోజు మెట్ల మీద నిలబడి, బిల్డింగ్ మొత్తంలో మాదే తక్కువని పైవాళ్లకూ కిందవాళ్లకూ చెప్పేవాడు. మిగతా ఇళ్లవాళ్లు పిల్లల మార్కులు చెప్పుకునేవారు. మా ఇంటి పరువు మీటరు చూసుకునేది.

నాకు తల కొట్టేసినట్టుండేది. కార్ఖానాలో మచ్చపడిన తాన్లు చౌకగా ఇచ్చేవారు. ఒకే తానులోంచి నాకు చొక్కా, కిటికీకి పరదా వచ్చాయి. కాలేజీ స్నేహితుడొకడు మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, పరదాను చూసి, నన్ను చూసి, మళ్లీ పరదాను చూసి, మర్యాదగా మంచినీళ్లు అడిగాడు. వాడు వెళ్లాక బాపు, “పిలగాడు మంచోడు. నీళ్లు సగమే తాగి మిగిలినయి గిలాసల్నే ఉంచిండు, పారబోయలే” అన్నాడు.

తరువాత నాకు రింగ్ రోడ్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో లెక్కల ఉద్యోగం దొరికింది. భోజనానికి లేచేటప్పుడు వెనక గది లైట్లు ఆర్పుతున్నానని మా సేఠ్ నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే బాపు సంతోషిస్తాడు. ఆయన్ను అంత తేలిగ్గా సంతోషపెట్టడం నాకిష్టం లేకపోయింది.

కరోనా వచ్చిన మొదటి ఏడు సాంచెలన్నీ ఆగిపోయాయి. సగం బిల్డింగ్ మూటలు కట్టుకుని ఊళ్లకు పోయింది. మేము పోలేదు. మంచాల కింద బియ్యం ఉంది, పప్పు ఉంది, అమ్మ ఎండబెట్టిన వంకాయ ముక్కలు ఉన్నాయి, సబ్బు సంగతి చెప్పనే చెప్పాను. వరసలో నిలబడి అన్నం పొట్లాలు తీసుకునే అవసరం మాకు రాలేదు. ‘నేను చెప్పలేదా’ అని బాపు ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా ఏడాది పొడుగునా మా వైపు చూశాడు. ఆ ఏడు మాత్రం ఆయనను చూస్తే నాకూ గర్వంగానే అనిపించింది.

రెండో ఏడు ఎండాకాలంలో ఆ రోగం బాపుకే వచ్చింది.

ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, గండం గడిచిందని చెప్పి, మంచం ఇంకొకరికి కావాలి కాబట్టి ఇంటికి పంపారు. ఊపిరితిత్తులు ఇంకా కోలుకోలేదు, ఆక్సిజన్ మిషన్ కిరాయికి తెచ్చి రాత్రింబవళ్లు పెట్టండి అన్నారు. ఆటోలో బాపు ఆయాసపడుతూ చెప్పిన మొదటి మాట ఆస్పత్రి గురించే.

“పగటీలి గూడ లైట్లు బంజెయ్యరు బిడ్డ. ఖాళీ మంచం మీద గూడ ఫ్యాన్ తిరుగుతనే ఉంటది.”

ప్రాణాపాయం నుంచి బయటపడి వచ్చిన మనిషికి అక్కడ గుర్తున్న భయంకర దృశ్యం అదే.

మిషన్ వచ్చింది. చక్రాల మీద నిలబడిన చిన్న కూలరులా ఉంది. గది గాలిలోంచి ఆక్సిజన్ పిండి, సన్నటి పైపు గుండా ముక్కుకు అందిస్తుంది. బాపు కళ్లు మూసుకుని కాసేపు దాని చప్పుడు విన్నాడు.

“బేరింగ్ మంచిగున్నది” అన్నాడు. “కరెంటు ఎంత తాగుతది?”

“తక్కువనే, బాపు.”

“తక్కువంటే? ఫ్యాన్ అంతనా, ఇస్త్రీ పెట్టె అంతనా?”

“ఫ్యాన్ అంత.”

తెరిచిన తలుపులోంచి వరండా గోడకున్న మీటరు కనబడుతుంది. అందులో ఎర్ర చుక్క మినుకుమినుకుమంటోంది. బాపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“ఫ్యానుకు అది గంతగనం కన్ను కొట్టది” అన్నాడు.

అప్పటినుంచి మొదలైంది. తినేటప్పుడు పైపు తీసేసి మిషన్ ఆపేవాడు. “తినేది నోటితోని, ముక్కుతోని పనేంది?” స్నానానికి లేస్తే ఆపేవాడు. ఎవరైనా పలకరించడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడితే ఆపేవాడు, మాట్లాడుతున్నప్పుడు గాలి ఎందుకని. తీరా మాట్లాడబోతే రెండు మాటలకోసారి ఆగి నోరు తెరిచేవాడు. ఆపినవాడు తిరిగి వెయ్యడం మాత్రం మరచిపోయేవాడు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పులో అంకె తొంభై కిందికి జారి, దుకాణంలో బేరమాడిన చీర ధరలా ఇంకా కిందికి దిగేది.

నేను చదువుకున్నవాణ్ని కాబట్టి ఉపాయాలు పన్నాను. మొదట స్విచ్ మీద టేపు అంటించాను. సాయంత్రానికి ఆ టేపు చిరగకుండా ఊడి, అగ్గిపెట్టెకు చుట్టి, గూట్లో ఉంది. “మంచి టేపు, గట్ల ఖరాబు జేస్తరా?” అని నాకే చీవాట్లు పడ్డాయి.

తరువాత అబద్ధం ఆడాను. మిషన్ ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం వాళ్లు ఉత్తగనే ఇచ్చారు, మనకు కిరాయి లేదు అన్నాను. బాపు ముఖం గంభీరమైంది.

“ముందుగాల్నే చెప్పొద్దారా? సొంతదైతే ఎట్లనో అట్ల వాడుకుంటం. మంది సొమ్ము ఇంకింత పైలంగ వాడాలె.”

ఆ రోజు మిషన్ మామూలుకంటే ఎక్కువసేపు విశ్రాంతి తీసుకుంది.

కింది ఇంట్లో మా జిల్లా నుంచే వచ్చిన అత్త ఒకామె ఉండేది. బాపును అన్నా అని పిలిచేది. ఆమె మూతికి కొంగు కట్టుకుని మెట్ల మీద నుంచే పోట్లాటకు దిగింది.

“అన్నా, గా పైపు ముక్కుకు ఉంచుకుంటె నీ సొమ్మేం బోతది? పానం కంటె కరెంటు ఎక్కువనా?”

బాపు ఊపిరి కూడదీసుకుని అడిగాడు. “నువ్వు మీ బాత్రూం లైటు బంజేసి వచ్చినవా?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించి గబగబా కిందికి దిగిపోయింది. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

ఆఖరికి నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. సాంచెల మీద మీటర్ల లెక్కన కూలీ. కాబట్టి క్లిప్పులో అంకెను చూపించి, ఇది నువ్వు నేసే మీటరు అనుకో బాపు, తొంభై నాలుగు వస్తే ఇయ్యాల్టి పని అయినట్టు అన్నాను. ఇది పనిచేసింది. బాపు కుదురుగా కూర్చుని మిషన్ నడిపాడు. మధ్యమధ్య వేలు చూసుకున్నాడు. అమ్మ నన్ను మెచ్చుకోలుగా చూసింది. డిగ్రీ చదివినందుకు మొదటిసారి ఇంట్లో లాభం కనబడింది.

అంకె తొంభై నాలుగుకు చేరింది. బాపు వంగి స్విచ్ ఆపేశాడు.

“ఏంది బాపు?”

“మాల్ అయిపోయింది కద. ఇగ ఉత్తగ నడుసుడెందుకు?”

దుకాణం ఒంటిపూట తెరుస్తున్న రోజులవి. నేను రింగ్ రోడ్ నుంచి గంటకోసారి ఫోన్ చేసేవాణ్ని. అమ్మ గొంతు వెనక మిషన్ గుర్రుమనే చప్పుడు కోసం చెవి పెట్టేవాణ్ని. చిన్నప్పుడు ఏ సాంచె ఏ చప్పుడు చేస్తుందో చెప్పలేక బాపు దగ్గర మొట్టికాయలు తిన్నవాణ్ని, ఇప్పుడు ఆ విద్య వచ్చింది.

“నడుస్తుందా, అమ్మా?”

“నడుస్తుందిరా.”

“చప్పుడు ఇనస్తలేదు.”

“ఇప్పుడే బంజేసిండు. చాయ్ తాగుతుండు” అనేది. ఆ వెంటనే, “నేనేం జెయ్యాలెరా, చెయ్యి పట్టుకుంటె ‘నన్ను కార్ఖానల ఎవ్వడు గిట్ల పట్టుకోలే’ అంటుండు” అనేది.

చీరల బేళ్ల మధ్య ఫోన్ పట్టుకుని నిలబడేవాణ్ని. రింగ్ రోడ్ నుంచి చెయ్యి చాపి ఉధ్నాలో స్విచ్ వేసే ఏర్పాటు ఇంకా ఎవరూ చెయ్యలేదు.

ఒక సాయంత్రం తట్టుకోలేక అరిచాను. “నీకు మీటరు ఎక్కువనా, మేమెక్కువనా?”

బాపుకు కోపం రాలేదు. నా ప్రశ్నలో ఏదో లోపం ఉందన్నట్టు చూశాడు.

“గట్లడుగుతవేందిరా? మీటరు సూసేదే మీకోసం కద.”

లేచి వెళ్లి మిషన్ వేశాను. నేను వంటింట్లోకి వెళ్లేవరకు ఆగి ఆయన ఆపేశాడు.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికి వస్తున్నాను. సందు మలుపులోంచి మా కిటికీ కనబడుతుంది. మండుటెండలో మా గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. ఇల్లు పొరపాటు పడ్డానేమోనని నిజంగానే ఒకసారి పక్క కిటికీలు చూశాను. చొక్కాకు జోడీ అయిన పరదా అక్కడే ఉంది. మెట్లు ఎక్కేశాను.

ట్యూబులైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో ఎవరూ లేరు, బల్బు వెలుగుతోంది. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని తడిగుడ్డతో బాపు పాదాలు తుడుస్తోంది. మిషన్ నడుస్తోంది. బాపు ముక్కున పైపు సరిగ్గా ఉంది. ఇన్నాళ్లూ నేను ఏది కావాలని దేబిరించానో అదంతా ఒక్కసారిగా జరుగుతోంది.

బాపు కళ్లు తెరిచే ఉన్నాడు. వంటింటి బల్బు ఆయనకు ఎదురుగానే ఉంది. ఆయన దాన్ని చూస్తున్నాడు. నేను ఆర్పలేదు. ఏమైనా అంటాడేమోనని నిలబడ్డాను. అనలేదు.

“బాపు, వంటింట్ల లైటు ఎలుగుతుంది” అన్నాను.

“ఎలుగనియ్యి.”

అమ్మ తల ఎత్తి నన్ను చూసింది.

“జర పెంచు బిడ్డ” అన్నాడు బాపు, మిషన్ వైపు కళ్లు తిప్పి.

జీవితంలో దేన్నైనా పెంచమని ఆయన అడగడం నేను వినడం అదే మొదలు. వంగి చూశాను. మిషన్ మీద గాలి పెంచే గుండీ అప్పటికే చివర దాకా తిరిగి ఉంది. అమ్మ తిప్పినట్టుంది. అక్కడినుంచి తిప్పడానికి ఇంక చోటు లేదు. అయినా గుండీ మీద చెయ్యి వేసి, తిప్పినట్టు మణికట్టు కదిపాను.

“పెంచిన, బాపు.”

“ఆఁ. ఇప్పుడు మంచిగుంది” అన్నాడు.

అంబులెన్స్ కోసం, ఆస్పత్రిలో మంచం కోసం ఫోన్లు చేశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. సాయంత్రానికి మంచం దొరికింది. బాపు దాని మీద ఎక్కువ రోజులు లేడు. నవ్వించే మాట అనడానికి నాకు చాలా చోట్ల చనువుంది. ఇక్కడ లేదు.

మిషన్ కిరాయికిచ్చిన మనిషి బాపు పోయిన తరువాత ఒకనాడు దాన్ని తీసుకుపోవడానికి పొద్దున్నే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “జల్దీ కరో భాయ్, కతర్‌గామ్‌మే పేషెంట్ బైఠా హై” అన్నాడు. ఊళ్లో ఇంకో మూల పేషెంటు కాచుకుని కూర్చున్నాడట. మంచివాడే, తొందరలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఆ మిషన్ కోసం ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు.

తీసుకుపోయే ముందు నడుస్తోందో లేదో చూసుకోవాలని అతను స్విచ్ వేశాడు. మిషన్ గుర్రుమంది. పైపు కొస ఖాళీ మంచం మీద పడి ఉంది, దుప్పటి మీద చిన్నగా గాలి ఊదుతోంది.

“బరాబర్ హై” అని అతను చెయ్యి చాపాడు.

“జర సేపు నడువనియ్యి” అంది అమ్మ.

అతనికి తెలుగు రాదు. నా వైపు చూశాడు. కతర్‌గామ్‌లో కూర్చున్న మనిషిని తలుచుకున్నాను. అమ్మను చూశాను. తెరిచిన తలుపులోంచి వరండా గోడ వైపు చూశాను. అక్కడ మీటరు ఎర్రగా కన్ను కొడుతోంది.

మిషన్ నడిచింది. అమ్మ మంచం అంచున కూర్చుని విన్నది. తరువాత తనే లేచింది.

“ఇగ సాలు. ఉత్తగ నడుపుతున్నరని తిడుతడు” అని స్విచ్ ఆపింది. ప్లగ్గు పీకి, వైరును బాపు చుట్టే పద్ధతిలోనే చుట్టి, నూలు ముక్కతో ముడి వేసి అతని చేతికి ఇచ్చింది.

అతను ముక్కు పైపు ఊడదీసి పక్కన పడేశాడు. ఒకరికి వాడింది ఇంకొకరికి పెట్టరు, పారేయండి అన్నాడు. మిషన్ మెట్లు దిగిపోయింది.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మ ఆ పైపును సబ్బుతో కడిగి, దులిపి, వరండా తీగ మీద ఆరేస్తోంది.

“అది పారెయ్యాలమ్మా.”

“మంచి పైపు. పారేస్తె ఎట్ల?” అంది.

ఇప్పటికీ ఉంది. చుట్ట చుట్టి గూట్లో, అగ్గిపెట్టెకు చుట్టిన టేపు పక్కన పెట్టింది.