కదలని బొమ్మ గీసిన మా మామ

దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడో దినాన ఎందుకు ఆగాడో మీలో ఎవరైనా చెప్పగలరా? అలిసిపోయి ఆగాడని మాత్రం చెప్పకండి. ఆకాశాన్ని పరిచినవాడికి నడుం నొప్పి రాదు. ఏళ్ళ తరబడి వాక్యం చెబుతూ తిరుగుతున్న నాకు దీనికి జవాబు దొరికింది మా మామ దగ్గరే. ఆ మామ మొన్న మంగళవారం తెల్లవారుజామున తనకల్లులో, తన ఇంట్లో, ఉబ్బసంతో చనిపోయాడు. నేను కుందుర్పి దగ్గర ఒక పల్లెలో ప్రార్థన కూడిక ముగించుకుని పడుకుని ఉన్నాను. అత్త ఫోన్ చేసి, "మీ మామ నిద్ర ల్యాలేదప్పా" అని పెట్టేసింది. 

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కుర్రతనంలో కదిరిలో గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనక సింహాలు, సినిమా హాళ్ళ ముందు కటౌట్లు రాసేవాడు. తొంభైలు ముగిసే రోజుల్లో హైదరాబాదులో ఒక కార్టూన్ కంపెనీ పెట్టారు. జపాన్ వాళ్ళ పిల్లల సీరియళ్ళకు బొమ్మలు గీసి పంపే పని. వానలు లేవు, రాసుకోవడానికి ఊళ్ళో ఎవరూ కొత్త దుకాణం తెరవడం లేదు. మామ ట్రంకుపెట్టె ఒకటి పట్టుకుని రైలెక్కాడు.

అక్కడ మొదట్లో ఆయన పని, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ బొమ్మలు గీయడం. చెయ్యి ఎత్తిన మనిషి చెయ్యి దించేలోపు ఎన్ని బొమ్మలు కావాలో అన్నీ. తర్వాత కథను గళ్ళు గళ్ళుగా గీసే పని ఇచ్చారు. ఒక్కో గడిలో ఒక బొమ్మ, పక్కన ఆ బొమ్మలో ఏం జరగాలి, తెర మీద ఎంతసేపు ఉండాలి అన్నది. సినిమా మొత్తం మొదట ఆ కాగితాల మీదే పుడుతుందని, కెమెరా తర్వాతి మాటని మామ చెప్పేవాడు. ఆ పని చేస్తూ చేస్తూ ఒక పిల్లల సీరియల్‌కు దర్శకుడయ్యాడు. చివర్లో పేర్లు వస్తాయి కదా, కన్ను ఆనేలోపు వెళ్ళిపోతాయి. అత్తకు చదువు రాదు. అయినా వాటిలో మామ పేరు ఏదో అక్షరాల వాటం చూసి పట్టేసేది. "అదిగో, కొక్కెం మాదిరి వంగిందే, అది మీ మామది" అనేది.

ఆయన తరచుగా చెప్పిన సంగతి ఒకటి ఉంది. కంపెనీలో చేరిన కొత్తలో జపాన్ నుంచి ఒక కథ కాగితాలు వచ్చాయట. అందులో ఒక ముసలి జాలరి. కొడుకు సముద్రంలో పోయాడు. ముసలాయన ఒడ్డున కూర్చుని ఉంటాడు. ఒకటే బొమ్మ. కదలిక లేదు. ఎంతసేపూ అదే.

"మేమేమనుకున్యాం అల్లుడా? పాపం, గీసేది మరిసిపోయినారు అనుకున్యాం" అనేవాడు మామ. "కొడుకు సచ్చిపోతే ఎవురన్నా ఊరికే కూసుంటారా? మన పక్క సావింట్లో ఏడ్సకుండా ఉంటే గిల్లి ఏడిపిస్తారు. అందరం కూసోని, ఆ ముసలాయన చేత గుండెలు బాదించినాం. కన్నీళ్ళు పెట్టించినాం. తుండుగుడ్డ గాలికి ఎగిరించినాం. కూలి అడక్కుండా ఎక్కువ పని చేసినాం, మెచ్చుకుంటారు అనుకున్యాం."

గీసి పంపిందంతా జపాన్ నుంచి తిరిగి వచ్చింది. కొన్నాళ్ళకు ఆ సీరియల్ దర్శకుడు, బాగా పెద్దాయన, స్వయంగా హైదరాబాదు వచ్చాడు. కోప్పడతాడని అందరూ నిలబడి ఉంటే, ఆయన చెప్పులు విడిచి గది మధ్యలో నేల మీద కూర్చున్నాడట. ఆ ముసలి జాలరి కూర్చున్నట్టే. ఏమీ చేయలేదు. మొదట ఎవరో నవ్వారు. తర్వాత ట్యూబులైటు గుయ్యిమనడం వినిపించింది. ఇంకాసేపటికి, కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన, ఆ ఏడే తండ్రిని పూడ్చినాయన, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. అప్పుడు పెద్దాయన లేచి ఒక్కమాట చెప్పాడు. పక్కనున్న మనిషి తెలుగులో చెప్పాడు: "మీరు అతన్ని ఏడిపించారు కాబట్టి చూసేవాళ్ళకు చేయడానికి ఏమీ మిగల్లేదు."

మామ వృత్తి అంతా ఆ మాట మీదే నడిచింది. నష్టం కూడా ఆ మాట వల్లే. తాను దర్శకుడయ్యాక ప్రతి కథలో ఒక్క చోటైనా బొమ్మను నిలబెట్టాలని కొట్లాడేవాడు. పైవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. పిల్లలు చానల్ మార్చేస్తారు, ఏదో ఒకటి ఎగరాలి, పేలాలి అనేవాళ్ళు. గెలిచిన సార్లు తక్కువ. కంప్యూటర్లు వచ్చాయి, గాజుబల్ల వెలుగుకు కళ్ళు మసకబారాయి. ఒకరోజు అదే ట్రంకుపెట్టెతో తనకల్లు వచ్చి మళ్ళీ దుకాణాల బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా జపాన్ సంగతి అడిగితే, "నేను యాడ పోయినా జపాన్‌కు? జపానే వచ్చిండె మా గదిలోకి" అనేవాడు.

నా కూడికలకు వచ్చి వెనక కూర్చునేవాడు. ఒకసారి నేను బైబిల్లోని ఎండిన ఎముకల లోయ గురించి గంటకు పైగా చెప్పి, చెమట తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"నీళ్ళ ట్యాంకరు పైపు ఊడిపోయినట్లుండాది" అన్నాడు.

"అంటే బాగుందనా మామా?"

"నీళ్ళన్నీ రోడ్డు మీదికి పోయినాయి అల్లుడా. బిందె పట్టుకోనొచ్చినోళ్ళు అట్లే నిలబడి చూస్తాండ్రి. దేవుడే ఏడో దినం ఆగినాడు కదా, చూసేటోళ్ళు చూసుకోనీ అని. నువ్వెందుకు ఆగవు?"

నాకు కోపం వచ్చింది. 

ఆయన మాటకు బరువు ఎంతో తెలిసింది, ఆయన ఎదురింట్లో. ఆ ఇంటాయన బోరు మీద బోరు వేసి, దేంట్లోనూ నీళ్ళు పడక, చెనక్కాయ చేను కళ్ళ ముందే మాడిపోతే పురుగుల మందు తాగాడు. అలాంటి ఇళ్ళకు ఆ ఏళ్ళలో నేను వెళుతూనే ఉన్నాను. గొంతు అరిగిపోయింది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. వాళ్ళమ్మ ఏడవలేదు. మాట్లాడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది, అన్నం ముట్టలేదు. ఆడవాళ్ళు మొగుడి చొక్కా తెచ్చి ఒళ్ళో వేశారు, చెంపల మీద తట్టారు. "ఏడుసే తల్లీ, లేకుంటే నువ్వూ పోతావు. ఈ బిడ్డల గతేమి?" అన్నారు. నేను ఆమె పక్కన నిలబడి, తెలిసిన ఆదరణ వాక్యాలన్నీ చదివాను. ఆమె కళ్ళు మా ఎవరి మీదా నిలవలేదు. పిల్లలు తల్లి కొంగు పట్టుకుని చూస్తున్నారు. తండ్రి పోయినట్టే ఈమె కూడా పోతుందన్నది అక్కడున్న అందరికీ తెలుసు.

మామ, అత్త వచ్చారు. "అందరూ పోండమ్మా, పోయి పనులు చూసుకోండి" అన్నాడు మామ. నా వైపు తిరిగి, "పుస్తకం మూసెయ్ అల్లుడా. బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకోని బూడిదలో కూసున్న ఆ నీతిమంతుని కాడికి స్నేహితులు వచ్చి ఊరికే కూసున్యారే, నోరు తెరిసే వరకే వాళ్ళు మంచోళ్ళు. అది నువ్వే కదా సెప్పింది" అన్నాడు.

ఆమెకు ఒకవైపు అత్త, కొంచెం ఎడంగా ఎదుటి గోడకు మామ. కూర్చున్నారు. అత్త పిల్లలకు సంగటి పెట్టి, ఆమె పక్కన ఒక గ్లాసు అంబలి పెట్టి, అది పులిస్తే పారబోసి ఇంకోటి పెట్టేది. తాగమని అనేది కాదు. వీధిలో వాళ్ళు తలుపులోంచి తొంగి చూసి, "ఏమప్పా, బొమ్మలాయన్న ఫోటోకి కూసున్యాడా ఏమి?" అని నవ్వారు. ఉబ్బసం మనిషి, ఆ మట్టి నేల మీద ఊపిరి గరగరలాడుతున్నా కదల్లేదు. రాత్రికి ఇంటికి పోయి, తెల్లారి మళ్ళీ వచ్చి అక్కడే.

ఒక సాయంత్రం ఆమె తల తిప్పి మామను చూసింది.

"మామా, నీకి కాళ్ళు తిమ్మిరెక్కల్యా?" అంది.

"నిన్నే ఎక్కినాయి తల్లీ. నువ్వేమన్నా అనుకుంటావని లెయ్యలే" అన్నాడు మామ.

ఆమె ముఖంలో నవ్వులాంటిది ఏదో వచ్చి, అదే ఏడుపైంది. ఏడుస్తూనే గ్లాసు అందుకుంది. చిన్నపిల్ల లేచి వచ్చి మామ కాళ్ళు పిసికింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ప్రార్థన చేయబోయి ఆగాను. ఆగడం నాకు అదే మొదటిసారి కావచ్చు.

ఇప్పుడు నా బెంగ మామ గురించి కాదు. ఆయన విశ్రాంతిలో ఉన్నాడు. అత్త గురించి. మంగళవారం నుంచి ఆమె మాట్లాడటం లేదు. నాకు ఫోన్లో చెప్పిందే ఆఖరి మాట. ఇంటినిండా జనం, అందరూ మాటలే. మామ ఎంత గొప్పవాడో, జపాన్ వాళ్ళు ఎంత మెచ్చుకున్నారో, టీవీలో పేరు ఎలా పడేదో. ఎవరో ఆమె చేతికి ఆయన చొక్కా ఇవ్వబోతే నేనే అడ్డుపడ్డాను.

బుధవారం పొద్దున ఎదురింటామె వచ్చింది. ఇప్పుడు బెంగుళూరులో గార్మెంట్స్ పని చేసుకుంటూ పిల్లల్ని చదివిస్తోంది. ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయి, అత్త భుజానికి భుజం ఆనించి కూర్చుంది. నిన్న మధ్యాహ్నం అత్త రెండు ముద్దలు మింగింది. అది నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళ నా ప్రసంగాలు ఎవరికైనా ఒక్క ముద్ద మింగించాయో లేదో నాకు తెలియదు.

అయితే ఎదురింటామెకు సెలవు అయిపోయింది. ఈ సాయంత్రం బస్సుకు పోకపోతే పనిలోంచి తీసేస్తారు. నేను కూర్చుంటున్నాను, కానీ నేను ఎదుటి గోడకు కూర్చోవలసినవాణ్ణి. అత్త పక్కన భుజం ఆనించి కూర్చోవడానికి ఒక ఆడమనిషి కావాలి. అందుకే ఇది రాసి, పొద్దున్నే కదిరిలో జిరాక్స్ తీయించి బస్టాండులో పంచుతున్నాను. అక్కలారా, చెల్లెళ్ళారా, తనకల్లు బస్సు గంటకొకటి ఉంది. పూలదండలు వద్దు. ఆదరణ మాటలు వద్దు, అవి నా దగ్గరే కావలసినన్ని ఉన్నాయి. దిగి బొమ్మలాయన్న ఇల్లు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు, తలుపు తీసే ఉంటుంది. సాయంత్రం ఆమె లేచి బస్సుకు నడిస్తే, ఆ గోడ దగ్గర అత్త పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీ అవుతుంది. రేపు కాదు, ఆదివారం కూడిక అయ్యాక కాదు. ఈ పూటే వచ్చి అక్కడ కూర్చోండి.