ప్రేమలీల టీచరు ఉపన్యాసం

ముత్తుకూరు వైపు ఉప్పు పండించే కొటార్ల దగ్గర పుట్టిన ప్రేమలీలకు పిల్లికళ్ళు, రాగి రంగు జుట్టు వచ్చాయి. ఉప్పు శాఖలో పనిచేసిన ఒక తెల్లదొర ఆమె తండ్రి. ఆ దొర బంగళాలో ఆయాగా ఉన్న ఎలిశబెతు తల్లి. బిడ్డకు నడక రాకముందే దొర బదిలీ మీద మద్రాసు వెళ్ళి, అక్కడ ఓడెక్కాడు. ఎలిశబెతు ఆయన గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. ఒక మిషను బడి వంటింట్లో పనికి చేరి, కూతుర్ని ఆ బడిలోనే చదివించి, టీచరు ట్రైనింగు దాకా తీసుకొచ్చింది.

వీధి పిల్లలు 'దొరసానీ' అని పిలిచి పరుగెత్తేవారు. పెద్దవాళ్ళు పిలిచేవారు కారు, ఊరికే చూసేవారు. పెళ్ళీడు వచ్చాక పాస్టరు పరంజ్యోతి గారు రెండు సంబంధాలు చూశారు. మొదటివాళ్ళు తెలుగు క్రైస్తవులు. పిల్ల నచ్చింది గాని, శుభలేఖలో తండ్రి పేరు ఏమని వేయిస్తారని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచిపోయారు. రెండోవాళ్ళు గూడూరు రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్లు. ప్రేమలీల ఇంగ్లీషు విని ఆ ఇంటి ఇల్లాలు నవ్వు ఆపుకుంది. మీ అమ్మ చీరే కట్టుకుంటుందా అని అడిగింది. తిరుగు బస్సులో, ఇక ఈ చూపులు వద్దని ప్రేమలీల పాస్టరు గారితో చెప్పేసింది. తల్లీకూతుళ్ళకు ఊళ్ళో ఎవరూ ఇల్లు అద్దెకివ్వకపోతే ఆయనే చర్చి వెనకాల గది ఇప్పించాడు. పంచాయతీ సమితి బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఆమె రోజులు వెళ్ళదీస్తోంది.

అరవై ఒకటిలో ఎక్కడ చూసినా జాతీయ సమైక్యత మీద సభలు. సమితి అధ్యక్షుడు మాలకొండయ్య గారికి అలాంటి సభలంటే మహా ఇష్టం. ఒకరోజు బడికి వచ్చి, వెంకటాచలం ఊళ్ళో జరిగే సభలో మాట్లాడమని ప్రేమలీలను అడిగాడు. తనకేం తెలుసని ఆమె వెనకాడింది.

"మీకు తెలియాల్సిన పన్లేదు టీచరమ్మా. మీరు నిలబడితే చాలు" అన్నాడాయన.

ఆ సభలో ఆమెను పరిచయం చేసింది ఆయనే. ఈమె తండ్రి ఇంగ్లండు దొర అనీ, మన తెలుగు బిడ్డను చర్చిలో ఉంగరం తొడిగి పెళ్ళాడిన మహానుభావుడనీ చెప్పేశాడు. ప్రేమలీల ఉలిక్కిపడి చూసేసరికి మైకు ముందుకొచ్చింది. ఆ మాట అబద్ధమంటే అంతమంది ముందు అమ్మను నిలబెట్టినట్టే. ఊరుకుంది. ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు అప్పజెప్పి సాన తేలిన గొంతు ఆమెది. "నా కళ్ళు సముద్రం అవతలివి. నా మాట ఈ గట్టుది. ఒక ఒంట్లో ఈ రెండూ కొట్టుకోకుండా ఉంటున్నాయి. ఒక దేశంలో మనమెందుకు ఉండలేం?" అంది. మైదానమంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆమెకు బాగున్నాయి కూడా. తనను చూసినవాళ్ళు సంతోషపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆ తర్వాత ఊరూరా సభలే. ప్రతిచోటా అదే పరిచయం, అదే ఉంగరం. పోనుపోను ఆ పెళ్ళికి బాజాలూ వచ్చాయి, ఊరంతటికీ భోజనాలూ వచ్చాయి. తలమీద కొంగు కాస్త తీస్తే జుట్టు కనిపిస్తుందని నిర్వాహకులు వేదిక పక్కన మెల్లగా చెప్పేవారు. సభ ముగిశాక ఆడవాళ్ళు దగ్గరికొచ్చి జడ పట్టుకుని చూసేవారు, రంగు వేసిందేమోనని వేలితో రుద్ది మరీ. పాఠం మధ్యలో జీపు వచ్చి ఆగేది. ఆమె నెల్లూరు టౌనుకు బదిలీ అడిగితే మాలకొండయ్య గారు నవ్వి, మా సమితికే పేరు తెచ్చిన మనిషిని ఎలా వదులుకుంటామన్నాడు. సభలు వద్దంటే ఉద్యోగం ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

పక్కింటి పెంచలమ్మ ఒక సభలో ఆ పరిచయం విన్నది. సంబరంగా వచ్చి, నీకు అంత ఘనంగా పెళ్ళయిందని ఇన్నాళ్ళూ చెప్పలేదేమని ఎలిశబెతును నిలదీసింది. ఆ మధ్యాహ్నం ప్రేమలీల బడినుంచి వచ్చేసరికి తల్లి పెరట్లో చేపలు తోముతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నాకు చెప్పకుండా నాకు పెళ్ళి చేసినావంటనే?"

"నేను చెప్పలేదమ్మా. ఆయన చెప్పినాడు."

"కాదని నువ్వు చెప్పినావా?"

నిజం చెప్తే నిన్నేమంటారోనని భయమేసిందని ప్రేమలీల గొణిగింది.

"నన్ను అనాల్సినవన్నీ నువ్వు పుట్టకముందే అనేసినారు. ఉండేది చెప్పు. లేదంటే నోరు మూసుకో" అని ఎలిశబెతు చేపలు కడుక్కుని లోపలికెళ్ళిపోయింది.

నాయుడుపేట సభకు ఎలిశబెతు పిలవకుండానే కూతురితో బస్సెక్కింది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. మాలకొండయ్య గారు ఉంగరం కథ ముగించాక ప్రేమలీల మైకు ముందుకు వచ్చి, అదంతా అబద్ధమని చెప్పింది. "మా నాయన మా అమ్మను పెళ్ళి చేసుకోలేదు. నాకు పేరు కూడా పెట్టకుండా ఓడెక్కి పోయినాడు. నన్ను సాకింది మా అమ్మ. అదుగో, అక్కడ కూర్చోనుంది."

ఎలిశబెతు ముఖం దించుకోలేదు. సభ మాత్రం బిగుసుకుపోయింది. ప్రేమలీలకు ఛాతీలో ఏదో బరువు దిగినట్టుంది. ఇప్పుడు దించేస్తారు, ఇంటికి పోవచ్చు అనుకుంది.

మాలకొండయ్య గారు లేచి మైకు అందుకున్నాడు. "చూశారా! కన్న తండ్రి వదిలేసినా మన దేశం ఈ బిడ్డను వదల్లేదు. కడుపులో పెట్టుకుంది" అన్నాడు. మునుపెన్నడూ లేనంత చప్పట్లు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎవరో ఎలిశబెతు మెడలో దండ వేశారు. తిరుగు బస్సులో ఆమె ఆ దండ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ చప్పట్లు ఎవరికి కొట్టినారో అర్థం కాలేదని మాత్రం అంది.

ఆ రోజునుంచి అందరికీ ఆ నిజమే కావాల్సివచ్చింది. తండ్రి ఓడెక్కిన ముక్క కొంచెం నిదానంగా చెప్పమని నిర్వాహకులు అడిగేవారు. అబద్ధం అయితే ఇంకొకరు అల్లింది, విదిలించుకోవచ్చు. ఇది సొంతది. దాన్ని ఊరూరా చెప్పగా చెప్పగా, తన గొంతు ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ జనం ముక్కు చీదుతారో ముందే తెలిసిపోయేది. కొన్నాళ్ళకు తల్లి ముందు 'నాయన' అనే మాట పలకాలంటేనే ఆమెకు సిగ్గేసింది.

అరవై మూడులో నెల్లూరులో ఒక పెద్ద సభ జరిగింది. ఆ రోజు ఆమె తండ్రి కథ ఎత్తుకోలేదు. "మీ వీధిలో మా అమ్మకూ నాకూ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు చెయ్యెత్తండి" అంది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీ ఇంటి పిల్లవాడికి నాలాంటి పిల్లను చేసుకునేవాళ్ళు?" అంది మళ్ళీ. వెనక వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వేసరికి దించేశాడు. మాలకొండయ్య గారు జాతీయగీతం పాడించి సభ ముగించాడు.

ఆయన కోప్పడలేదు. టీచరమ్మ అలసిపోయిందనీ, కొంచెం విశ్రాంతి కావాలనీ అందరితో అన్నాడు. వారం తిరక్కుండా ఉప్పుటేరు అవతల జాలర్లుండే పట్టపుపాళెంలో ఒక్క టీచరే ఉండే బడికి ఆమెను వేశారు. అక్కడికి పడవ తప్ప దారి లేదు. ఏటికి పోటొస్తే రాకపోకలుండవు. తల్లీకూతుళ్ళు ఇసుక మీద తాటాకు పాకలో కాపురం పెట్టారు. పాళెం పిల్లలు ఆమె కళ్ళను కొన్నాళ్ళు వింతగా చూసి, వలల గోలలో పడి మరచిపోయారు. జీపు రాదన్నది నిజమే. కానీ చదివే పుస్తకం లేదు, మాట్లాడే మనిషి లేదు. ఏటేటా బదిలీకి అర్జీ పెట్టేది, జవాబు వచ్చేది కాదు. బడి విడిచాక ఏటి ఒడ్డున నిలబడి అవతలి గట్టు మీద పోయే బండ్లను చూసేది.

అరవై ఎనిమిది వానాకాలంలో ఎలిశబెతు జ్వరంతో పోయింది. సమాధుల దొడ్డి చర్చి దగ్గర, ఏటికి అవతల ఉంది. అప్పుడు పాటు, ఏట్లో నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. పడవ బురదలో కూరుకుపోతే పాళెం మగవాళ్ళు నడుముదాకా దిగి, శవపెట్టెతో సహా పడవను నెట్టుకుపోయారు. దొడ్డిలో పరంజ్యోతి గారు ప్రార్థన చేసి, అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమని ప్రేమలీలను అడిగాడు.

"మా అమ్మకు వేడి వేడి చేపల పులుసు ఇష్టం. అందరికీ పెట్టేసరికి ఆమెకెప్పుడూ చల్లారిపోయేది" అంది. ఇంకేమీ తోచలేదు.

చర్చి వెనకాల గది ఖాళీగానే ఉంది, కొన్నాళ్ళు ఉండిపొమ్మన్నాడు పాస్టరు గారు. ఆమెకు ఉండాలనే అనిపించింది. కానీ మర్నాడు బడి ఉంది, మళ్ళీ పోటు ఎక్కితే పడవ కదలదు. పాళెం వాళ్ళు పిలిచేసరికి ఏటివైపు నడిచి, పడవలో తడిసిన బల్ల మీద కూర్చుంది.